బరంపురం వైపు మొదటి ఎయిర్ రైఫిల్ కొనేవాళ్లకి

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ... ఏ ఊళ్లో ఉన్నా, పిల్లలకి షూటింగ్ నేర్పిద్దామనుకునే తల్లిదండ్రులు దుకాణంలో రెండు ప్రశ్నలు అడుగుతారు. "ఎంతలో వస్తుంది?" అన్నది మొదటిది. "ఎంత దూరం కొడుతుంది?" అన్నది రెండోది. మొదటిది అడగాల్సిందే. రెండోదానితో ఏ పనీ లేదు. ఎయిర్ రైఫిల్ పోటీలో కార్డు, అంటే గురిపెట్టే కాగితం, సరిగ్గా 10 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ పది మీటర్లు ఏ తుపాకీ అయినా కొడుతుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ కొడుతుందా అన్నదే తేలాలి.

ముందు చట్టం సంగతి. మన దేశంలో లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకోగలిగిన ఎయిర్ రైఫిల్‌కి రెండు హద్దులున్నాయి. గొట్టం లోపలి కొలత 0.177 అంగుళం, అంటే 4.5 మి.మీ. దాటకూడదు. పెల్లెట్ (చిన్న సీసపు గుండు) బయటికొచ్చేటప్పుడు దాని శక్తి 20 జౌల్స్ దాటకూడదు. 2016 ఆయుధ నియమాలు చెప్పేది ఇదే. 0.22 ఎయిర్ రైఫిల్ అయితే గాలితో పేలేదే అయినా లైసెన్సు కావాలి. "ఏం కాదులెండి, అందరూ వాడుతున్నారు" అని దుకాణంవాడు అన్నా సరే, దాని జోలికి వెళ్లొద్దు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇచ్చి, తుపాకీ మీది నంబరు రాసిన బిల్లు తీసుకోండి. కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ దారుల్లో బస్సులు ఆపి సంచులు చూడటం మామూలే. తుపాకీ సంచిలో, ఖాళీగా, కాల్చడానికి బిగించి పెట్టకుండా ఉండాలి. పెల్లెట్ డబ్బా వేరే సంచిలో, బిల్లు నకలు జేబులో.

ఇంకొక మాట. మన ఊళ్లలో దీన్ని ఇప్పటికీ "పిట్టల తుపాకీ" అనే అంటారు. ఆ పేరే తప్పు దారి పట్టిస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం, ఎయిర్ గన్‌తో చేసినా నేరమే. రాతపూర్వకమైన అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఏ ఆయుధంతోనూ అడుగు పెట్టకూడదు. చిలికా ఒడ్డున చలికాలం పక్షులు, గంజాం పొలాల్లో కృష్ణజింకలు, లఖారీ లోయలో ఏనుగులు ఉన్న ప్రాంతం మనది. "వీడు తోటలో పిట్టల మీద నేర్చుకుంటాడులే" అనుకునే ఇంటికి రైఫిల్ కొనకపోవడమే మంచిది.

ఇప్పుడు పవరు లెక్క. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "సెకనుకి 1000 అడుగులు" అని ఉంటుంది. పోటీ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు. అది నిజంగా ఆ వేగంతో పోతే శక్తి 24 జౌల్స్ పైమాటే, అంటే లైసెన్సు హద్దు దాటిపోయినట్టే. మరి పెట్టె మీద ఎలా రాశారు? 0.40 గ్రాముల తేలిక పెల్లెట్‌తో కొలిస్తే అదే వేగానికి 18.6 జౌల్సే వస్తుంది. ఒలింపిక్స్‌లో వాడే రైఫిళ్లు పెల్లెట్‌ని సెకనుకి 175 మీటర్ల దగ్గర్లో, అంటే 8 జౌల్స్‌తో పంపుతాయి. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012 లండన్‌లో హైదరాబాదు అబ్బాయి గగన్ నారంగ్ కంచు పతకం గెలిచింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. అంత మెత్తటి తుపాకీతో గెలిచే ఆటకి పవరు కోసం డబ్బు పెట్టడం దండగ. పైగా పవరు పెరిగేకొద్దీ తుపాకీ గుంజుడు పెరుగుతుంది, బిగించడానికి బలం ఎక్కువ కావాలి, గురి చెదురుతుంది.

చవకలో దొరికేవి మూడు రకాలు.

స్ప్రింగ్ రైఫిల్ మొదటిది. గొట్టాన్ని మధ్యలో విరిచి కిందికి లాగితే స్ప్రింగు బిగుస్తుంది. ట్రిగ్గరు నొక్కగానే పిస్టన్ ముందుకి దూకి గాలిని నొక్కుతుంది. పిస్టన్ ముందుకి కదిలేటప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర ఆగగానే ముందుకి ఉలిక్కిపడుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే ఈ గొడవంతా అయిపోతుంది. అందుకే స్ప్రింగ్ రైఫిల్‌ని ఎలా పట్టుకుంటే పెల్లెట్ అలా పోతుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే ఒకచోట, వదులుగా పట్టుకుంటే ఇంకోచోట. ప్రెసిహోల్, ఎస్‌డీబీ లాంటి మన దేశపు కంపెనీలవి సుమారు 15 వేలకి అటూ ఇటూగా దొరుకుతాయి.

గ్యాస్ పిస్టన్ రెండోది. స్ప్రింగు బదులు మూసేసిన గ్యాస్ గొట్టం ఉంటుంది. బిగించి కాసేపు ఉంచినా స్ప్రింగులా సడలదు, గడగడలాడే చప్పుడు తక్కువ. కానీ బిగించడం కష్టం, గ్యాస్ కారితే ఆ భాగం మొత్తం మార్చాలి. 12, 13 ఏళ్ల పిల్లలకి నేనైతే ఇది వద్దంటాను. పదో గుండుకే చెయ్యి వణుకుతుంది, వణికే చేత్తో నేర్చుకున్నది నేర్పు కాదు.

పీసీపీ, అంటే ముందే గాలి నింపి పెట్టుకునే రైఫిల్, మూడోది. సిలిండర్‌లో 200 బార్ దాకా గాలి నింపుతారు, ప్రతి గుండుకీ కొంచెం విడుదలవుతుంది. గుంజుడు దాదాపు లేదు. పోటీలకి వెళ్లే దారి ఇదే. మన దేశంలో తయారైనవి స్ప్రింగ్ రైఫిల్‌కి రెండు మూడు రెట్లు పలుకుతాయి, జర్మనీ నుంచి వచ్చే వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, అన్‌షుట్జ్ లక్షల్లో మాట. దాని ధర దగ్గర ఆగిపోతారు చాలామంది, గాలి ఎక్కడ నింపాలో ఆలోచించరు. టైర్ల దుకాణం కంప్రెసర్ 10 బార్ దాటితే గొప్ప. వెల్డింగ్ దుకాణంలో ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా, దాంతో నింపేద్దాం అనే తెలివైనవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడు ఉంటాడు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి కొంచెం నూనో గ్రీజో తగిలితే పేలుతుంది, మనిషి మిగలడు. మామూలు గాలి తప్ప ఇంకేదీ పీసీపీలోకి వెళ్లకూడదు. చేతి పంపు కొంటే దానికి తేమ పట్టే ఫిల్టర్ ఉందో లేదో చూడండి. సముద్రం గాలి వీచే బరంపురం, గోపాల్‌పూర్ వైపు వానాకాలంలో పంపు కొట్టిన ప్రతిసారీ నీటి ఆవిరి సిలిండర్‌లోకి పోతుంది. పంపు కొట్టేటప్పుడు 50, 60 దెబ్బలకొకసారి ఆగి, చల్లారనిచ్చి, కింది మర తిప్పి నీరు వదిలేయాలి.

నా సలహా ఇలా ఉంటుంది. పిల్లవాడికి ఆట మీద ఇష్టం నిలుస్తుందో లేదో తెలియకపోతే తక్కువ పవరు స్ప్రింగ్ రైఫిల్. దగ్గర్లో క్లబ్బు ఉండి, వారానికి మూడు రోజులైనా వెళ్లగలిగితే ఏడాది పాటు క్లబ్బు రైఫిల్‌తోనే ఆడించి, ఆ తర్వాత నేరుగా పీసీపీ. ఒడిశాలో పెద్ద రేంజ్ భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఉంది. బరంపురం నుంచి 170 కి.మీ. రోజూ వెళ్లే దూరం కాదు గనక మన వైపు చాలామందికి మొదటి దారే గతి. రాష్ట్ర పోటీల్లో ఓపెన్ సైట్ (తుపాకీ మీదే ఉండే మామూలు గురి గాడి) విభాగం వేరే ఉంటుంది, మామూలు రైఫిల్‌తోనే అందులో దిగొచ్చు.

దుకాణంలో ఏం చూడాలంటే, ముందు పొడుగు. బట్ (భుజానికి ఆనే వెనక భాగం) చివరని మోచేతి మడతలో పెట్టి చెయ్యి ట్రిగ్గరు వైపు చాపమనండి. చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గరు మీద వాలాలి. వేలు అందకపోతే పిల్లవాడు తలని ముందుకి లాగి, నడుం వెనక్కి వంచి నిలబడతాడు, ఆ నిలబడటం అలవాటైపోతే మాన్పించడం రైఫిల్ మార్చడం కన్నా కష్టం. బరువు సంగతి కూడా ఇంతే. పోటీ నియమంలో 5.5 కిలోల దాకా ఒప్పుకుంటారు. అది పెద్దవాళ్లకి. బక్కగా ఉన్న పిల్లలకి 3 నుంచి 3.5 కిలోలు చాలు. ఎడమచేతి వాటం పిల్లలకి చెంప ఆనించే చోటు రెండు వైపులా ఒకేలా ఉన్నది చూడాలి.

తర్వాత ట్రిగ్గరు. దీన్ని చాలామంది అసలు చూడరు, నేను మాత్రం గొట్టం కన్నా ముందు చూస్తాను. రైల్వే స్టేషన్ల దగ్గర అమ్మే లగేజీ తూచే చేతి కాటా ఒకటి పట్టుకెళ్లండి. తుపాకీలో పెల్లెట్ వేసి, గొట్టం మూసి, మూతిని పెల్లెట్‌ని ఆపే గుడ్డలు కూరిన పెట్టెకి ఆనించి, అడ్డంగా పట్టుకోమనండి. కాటా కొక్కేన్ని ట్రిగ్గరు మధ్యలో తగిలించి నిదానంగా నేరుగా వెనక్కి లాగండి. పేలిన క్షణాన కాటా మీద ఎంతుందో రాసుకోండి. ఐదుసార్లు చెయ్యండి. 1.2, 1.3, 1.2, 1.3, 1.2 కిలోలు వస్తే మంచి ట్రిగ్గరు. 1.5, 2.3, 1.8, 2.6, 1.4 వస్తే, సగటు ఎంతైనా సరే, ఆ తుపాకీ వద్దు. గట్టి ట్రిగ్గరుకి వేలు అలవాటు పడుతుంది. ప్రతిసారీ మారే ట్రిగ్గరుకి ఎవరూ అలవాటు పడలేరు. ఈ పరీక్షకి పెల్లెట్ లేకుండా పేల్చొద్దు. స్ప్రింగ్ రైఫిల్‌లో పెల్లెట్ లేకపోతే పిస్టన్‌కి అడ్డుపడే గాలి దిండు ఉండదు. పిస్టన్ నేరుగా గోడకి గుద్దుకుంటుంది, వాషర్ చెడుతుంది, స్ప్రింగు విరగొచ్చు.

సైట్ల విషయంలో ఒక్క మాట. దుకాణాలు తుపాకీతో పాటు స్కోప్ ఉచితం అంటాయి. పది మీటర్ల దగ్గర అది మసకగా కనిపిస్తుంది, స్ప్రింగ్ రైఫిల్ ముందుకీ వెనక్కీ కుదిపే దెబ్బకి లోపలి అద్దాలు కదిలిపోతాయి. ఉచిత స్కోప్ బదులు రెండు డబ్బాల పెల్లెట్లు అడగండి. వెనక సైట్‌ని పక్కకీ పైకీ కదిపే మరలు ఉండాలి, అవి క్లిక్కుమని ఆగాలి. తర్వాత పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) పెట్టుకోవడానికి వెనక గాడి ఉంటే ఇంకా మంచిది. పెల్లెట్ ఎటు పోవాలో వెనక సైట్‌ని అటే కదపాలి. ముందు సైట్‌ అయితే దానికి వ్యతిరేకం. బరంపురం ఠాకురాణీ యాత్రలో బెలూన్లు కొట్టే తుపాకీతో ఎంత గురిపెట్టినా ఎందుకు తగలదని అడిగే పిల్లలకి సమాధానం కూడా ఇదే, దాని సైట్ ఎప్పుడో వంగిపోయి ఉంటుంది.

అసలు పరీక్ష కార్డు మీద జరగాలి. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, దాని మీద చెయ్యి వెల్లకిలా పెట్టి, ఆ అరచేతిలో తుపాకీని ఆనించండి. స్ప్రింగ్ రైఫిల్‌ని నేరుగా సంచి మీద పెడితే ఎగిరిపడి పెల్లెట్ రంధ్రాల గుంపు చెదురుతుంది. పది మీటర్ల నుంచి ఒకే కార్డు మీద పది పెల్లెట్లు కొట్టండి. అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, అందులోంచి 4.5 మి.మీ. తీసేయండి. అది ఆ తుపాకీ గుంపు. ఇప్పుడు దీన్ని కార్డుతో పోల్చి చూడండి. పది అంకె చుక్క వెడల్పు 0.5 మి.మీ., పెల్లెట్ అంచు గీతకి తాకినా పది ఇస్తారు. అంటే పెల్లెట్ మధ్య భాగం కార్డు మధ్య నుంచి 2.5 మి.మీ. లోపల పడితే పది. తొమ్మిది వలయం 5.5 మి.మీ., కాబట్టి 5 మి.మీ. లోపల పడితే తొమ్మిది. గుంపు 5 మి.మీ. ఉన్న తుపాకీ తన వంతుగా అన్నీ పదులే కొట్టగలదు. 10 మి.మీ. గుంపు ఉన్నది తొమ్మిదికి తగ్గదు. మొదటి ఏడాది పిల్లవాడు నిలబడి కొట్టే కార్డులో పెల్లెట్లు నల్ల భాగమంతా, అంటే 30.5 మి.మీ. వెడల్పంతా, పరుచుకుని ఉంటాయి. అందుకే 10 నుంచి 12 మి.మీ. గుంపు ఇచ్చే 15 వేల రైఫిల్ అతనికి చాలా కాలం చాలు. 20 దాటితే తిరిగి ఇచ్చేయండి.

గుంపు పెద్దగా వచ్చిందని వెంటనే తుపాకీని తిట్టక్కర్లేదు. ముందు చెక్కని ఇనుముకి బిగించే మరలు చూడండి. స్ప్రింగ్ రైఫిల్ కుదుపుకి అవి వంద గుండ్లకే వదులవుతాయి. రెండోది, పెల్లెట్. అదే తుపాకీలో ఒక డబ్బా పెల్లెట్లకి 18 మి.మీ. వచ్చి, ఇంకో డబ్బాకి 9 మి.మీ. రావడం వింతేం కాదు. కాగితానికి చపట మొహం పెల్లెట్లే వాడాలి, రంధ్రం గుండ్రంగా తెగుతుంది. ముక్కు మొనదేలినవి కాగితాన్ని చింపుతాయి, లెక్క తెగదు. ఆర్10, ఫినాలే మ్యాచ్ లాంటి పోటీ పెల్లెట్లు అప్పుడే అక్కర్లేదు గానీ, మరీ చవకవి కొంటే డబ్బాలో నలిగినవే ఎక్కువ ఉంటాయి. రోజుకి 40 గుండ్లు, వారానికి ఐదు రోజులు అనుకుంటే ఏడాదికి సుమారు పది వేలు, అంటే 500 పెల్లెట్లు పట్టే డబ్బాలు 20. రైఫిల్ బడ్జెట్ వేసేటప్పుడు ఈ 20 డబ్బాల ఖర్చు పక్కన రాసుకోకపోతే మూడో నెలకి తుపాకీ అటక ఎక్కుతుంది.

పాతవి కొనడం గురించి. మన వైపు చాలా ఇళ్లలో తాతల నాటి ఐహెచ్‌పీ 35 రకం తుపాకీలు ఉంటాయి. వీటిలో తోలు వాషర్ ఉంటుంది, ఎండిపోతే పీలికలవుతుంది. బిగించేటప్పుడు గరగరమంటే స్ప్రింగు విరిగినట్టు. గొట్టం మూసిన చోట పల్చటి టిష్యూ కాగితం ముక్క పెట్టి కాల్చి చూడండి. కాగితం ఎగిరితే అక్కడి సీల్ పోయింది, గాలి కారుతోంది. వెనక సైట్ అట్టడుగుకి దించినా పెల్లెట్ పైకే పడుతోందంటే, ఎవరో గొట్టం తెరిచి ఉండగా ట్రిగ్గరు నొక్కారు, గొట్టం ఎగిరి తగిలి పైకి వంగింది. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. గొట్టాన్ని పక్కకి ఊపి చూడండి, కొంచెం ఆడినా వద్దు. పాత జర్మన్ పీసీపీ చవకగా వస్తోందని ఎవరైనా అంటే సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవండి. అల్యూమినియం సిలిండర్లలో చాలావాటికి కంపెనీలు పదేళ్ల గడువే ఇస్తాయి. గడువు దాటినదాన్ని వాడకూడదు, కొత్త సిలిండర్ ధర కలిపితే చవక కాస్తా కనిపించకుండా పోతుంది.

ఇంటి దగ్గర రేంజ్ పెట్టుకుంటే ఇటుక గోడ ముందరే పెట్టండి, తలుపు కిటికీ లేని వైపు. మేడ మీద ఆరుబయట వద్దు, పెల్లెట్ వందల మీటర్లు పోతుంది. అడుగు పొడుగు, అడుగు వెడల్పు చెక్క పెట్టె చేయించి, వెనక 3 మి.మీ. ఇనుప రేకు కొట్టి, ముందు పాత చీరలు, లుంగీలు గట్టిగా కూరండి. మధ్యలో గుంట పడగానే గుడ్డలు తిప్పి పెట్టాలి, లేకపోతే పెల్లెట్ రేకుకి తగిలి వెనక్కి వస్తుంది. అందుకే కళ్లజోడు లేకుండా కాల్చొద్దు, పక్కన చూసేవాళ్లకి కూడా. పెల్లెట్లు సీసం. చేతులు ఖాళీ లేవని నాలుగు పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది, మొదటి రోజే మాన్పించండి. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి. గొట్టం విరిచి పెల్లెట్ పెట్టేంతసేపూ రెండో చెయ్యి గొట్టాన్ని వదలకూడదు. పట్టు జారితే గొట్టం విసురుగా మూసుకుని వేళ్లు తెగుతాయి.

వానాకాలంలో తుపాకీని స్పాంజి ఉన్న పెట్టెలో దాచొద్దు. స్పాంజి తేమని పట్టి ఉంచుతుంది, వారానికే తుప్పు చుక్కలు వస్తాయి. గుడ్డ సంచిలో, బీరువాలో తాళం వేసి పెట్టండి. చెమట చెయ్యి తగిలిన ఇనుమంతా నూనె చుక్క వేసిన గుడ్డతో తుడవాలి. ఆ నూనె పైపైనే. స్ప్రింగ్ రైఫిల్ గొట్టంలోకో గాలి రంధ్రంలోకో మామూలు నూనె పోస్తే ఆ ఒత్తిడి వేడికి అది అంటుకుంటుంది, పొగ వచ్చి, టపాకాయలా పేలుతుంది. పిల్లలకి సరదాగా ఉంటుంది గానీ సీల్ కాలిపోతుంది.

ఇక ఎప్పుడు మార్చాలి? నెలకొకసారి ఇసుక సంచి మీద ఒక కార్డు, నిలబడి ఒక కార్డు, పది పది పెల్లెట్లు కొట్టించి, రెండు గుంపులూ కొలిచి తేదీ వేసి దాచండి. సంచి మీద 11 మి.మీ., నిలబడి 34 మి.మీ. ఉన్నంతకాలం లోటు తుపాకీలో లేదు. నిలబడి కొట్టింది 16, 17కి దిగి అక్కడే రెండు నెలలు ఆగిపోతే అప్పుడు పీసీపీ ధరలు కనుక్కోండి.